నూట యాభై తొమ్మిది దగ్గర

హన్మకొండ చౌరస్తాలో పురుగుమందుల దుకాణం.
"గంధకం ఎన్నెకరాలకు?" అన్నాడతను.
నాకు ఎకరాలు లేవు.
"రెండు వందల గ్రాములు చాలు" అంటే
మిరపకు బూడిద తెగులు సోకిన వాళ్ళ వరుసలో
నన్నొకసారి కింది నుంచి మీది దాకా చూశాడు.
ల్యాబుకు రావాల్సిన సీసా
మూడు సంతకాల అవతల ఆగిపోయింది మరి.

ఎనిమిది పరమాణువులు చేతులు పట్టుకుని
గుండ్రంగా కూర్చున్న పదార్థమిది.
బతుకమ్మ చుట్టూ ఆడవాళ్ళలా, అని రాయబోయి కొట్టేశాను.
ఇవి పాడవు, చప్పట్లు కొట్టవు.
కిరీటంలా ఒకటి పైకి, ఒకటి కిందికి
ముడుచుకుని కూర్చుంటాయి, అంతే.

నూట పంతొమ్మిదికి కరిగి తేనెరంగు.
నూట యాభై తొమ్మిది దగ్గర
పట్టుకున్న చేతులు వదిలేస్తాయి.
తెగిన కొస పక్క వలయాన్ని తెంచుతుంది,
కొసకు కొస అతుక్కుని
లేత పాకం తీగ పాకమవుతుంది,
తీగ పాకం చూస్తుండగానే ముదిరి
కలిపే పుల్లను పట్టుకుని వదలదు.
అప్పుడే పొయ్యాలి ఆముదం.
ఆలస్యమైతే ప్రతి తీగా
తన పాత గుండ్రం వెతుక్కుంటుంది.

పగలు పొయ్యి. రాత్రి లెక్క.
కంప్యూటర్ల గదిలో నా అణువు వరుసలో నిలబడింది,
ముందు పదిహేడు మంది.
కాజీపేట ఔటర్‌లో సిగ్నల్ కోసం
తెల్లార్లూ ఆగిన గూడ్సుబండి నేను.
నాలుగు రోజులకు జవాబు:
స్థిరం. గొలుసు విడదు.
గీత ఎంత నున్నగా లోయలోకి దిగిందంటే
ప్రింటు తీసి గోడకు అంటించాను.

పదకొండో రోజు
ఎర్రటి నా బిళ్ళ మీద
పసుపు పూసింది.
గీకితే గోరుకంటింది.
గోడ మీద గీత మాత్రం అలాగే ఉంది, నున్నగా.

యాకయ్యన్న సీసాలు కడుగుతూ చూశాడు.
పర్కాల దగ్గర రెండెకరాల మిరప ఆయనది,
గంధకం చల్లీ చల్లీ ముక్కు పండిన మనిషి.
"ఆముదం గదా పోసింది?
గది పల్లినూనె లెక్క ఉరుకదు బిడ్డా.
దాని జిడ్డు దానికే అంటుకుంటది,
ఇంకోదాన్ని రానిస్తదా లోపటికి?"

జిడ్డు.
ఆ మాట దగ్గర ఆగిపోయాను.
లెక్క త్వరగా తేలాలని
ఆముదానికున్న ఒక చిన్న చేతిని,
ఒక ఆక్సిజన్, దాని కొసన ఒక హైడ్రోజన్,
తెర మీద నేనే కత్తిరించాను.
జనవరిలో. ఎవరికీ చెప్పలేదు.
తర్వాత నాకూ గుర్తులేదు.
యంత్రం నాలుగు రోజులు నిజాయితీగా లెక్కగట్టింది,
ఏ గానుగలోనూ దొరకని నూనెను.

మెహరున్నీసా మేడం తిట్టలేదు.
గోడ మీది కాగితం ఊడదీసి, మడిచి,
నా నోటు పుస్తకంలో పెట్టారు.
"పారెయ్యకు. తేదీ వెయ్యి."

కత్తిరించిన చేతిని మళ్ళీ అతికించాను.
ఈసారి తొమ్మిది రాత్రులు.
మధ్యలో రెండుసార్లు కరెంటు పోయింది,
ఒకసారి నేనే ఏడ్చాను, క్యాంటీన్ వెనక.
వచ్చిన గీత నున్నగా లేదు.
గతుకులు, ఒక పక్క చిన్న గుంట.
నూనె చేతులు ఒకదాన్నొకటి పెనవేసుకుంటే
సగం గంధకం గుమ్మం దగ్గరే నిలబడుతుందట.
డెబ్బై పాళ్ళు కాదు, యాభై.
మంట తగ్గించి, ఓపిగ్గా, ఇంకో గంట కలపాలి.

కొత్త బిళ్ళ కిటికీలో పెట్టాను.
ఇవాళ పద్నాలుగో రోజు.
పొద్దున్నే రాగానే
బ్యాగు దించకుండానే గోరుతో గీకి చూస్తాను.
ఇంకా ఎరుపే.
నమ్మడానికి భయంగా ఉంది.

"ఇది ఏం పనికొస్తది బిడ్డా?"
"నీళ్ళల్ల పాదరసముంటే పట్టుకుంటదన్నా."
"పట్టినంక? పట్టినదాన్ని ఏడ వెడ్తరు?"

సబ్బు చేతులతో నిలబడి జవాబు కోసం చూస్తున్నాడు.
ఆ అధ్యాయానికి
ఇంకా పేరు కూడా పెట్టలేదు నేను.