చెక్క తుపాకీ

మా ఇంట్లో ఎల్లాజీ తాత గోడ మీద ఉండేవాడు.
భుజాన తుపాకీ,
వెనక గుడ్డ మీద రంగుల్లో ఓడ.
మామ్మకి పెద్దన్న.
బర్మాలో ఎన్ని విమానాలు కూల్చాడన్నది
చెప్పేవాళ్ల హుషారుని బట్టి ఉండేది.
మా పెద్దత్త పెళ్లినాటికి ఏడు.

నాకు గుర్తున్న తాత వేరు.
పోర్టు గేటు ఎదుట బడ్డీ నీడలో కూచుని
చల్లారిన చుట్టని నోట్లో తిప్పేవాడు.
యుద్ధం సంగతి అడిగితే
"ఎండలే" అనేవాడు. అంతే.

పోర్టు లెక్కల సెక్షన్లో ముప్పై ఏళ్లు
ఊరందరి సర్వీసు బుక్కులూ రాశాను.
రిటైరయ్యాక తోచక
మా ఇంటిది ఒకటి తెరిచాను.

ట్రంకు అడుగున గుడ్డ అతికించిన డిశ్చార్జి కాగితం.
సముద్రం గాలి మడతల్లో సగం తినేసింది.
చేరింది బాంబులు పడ్డ ఏడు.
ఊరు ఊరంతా మూటలతో సింహాచలం దారి పడితే
ఈయన ఎదురు నడిచి వెళ్లి వేలిముద్ర వేశాడు.
నడత: చాలా మంచిది.
పని అన్న గడిలో ఒకే మాట, నాకు అర్థం కానిది.

సైనిక సంక్షేమం ఆఫీసులో గుమాస్తా
కళ్లజోడు నుదుటికి తోసి చదివాడు.
"భిస్తీ. నీళ్లు మోసేవాడమ్మా.
ఫీల్డ్ ఆస్పత్రికి.
వీళ్లకి ఆయుధం ఇవ్వరు."
కండక్టరు చిల్లర ఇచ్చినట్టు
కాగితం నా చేతిలో పెట్టాడు.

మరి ఆ తుపాకీ?

కోట వీధిలో ఆ స్టూడియో ఇప్పుడు జిరాక్సు షాపు.
మనవడు అటక మీంచి గాజు పలకల పెట్టెలు దించాడు,
తుమ్ముతూ, విసుక్కోకుండా.
కిటికీకి ఎత్తిపట్టి చూశాను ఒక్కొక్కటీ:
ఒక కానిస్టేబులు,
చెంగల్రావుపేట వస్తాదు,
బాసికం కట్టుకున్న పెళ్లికొడుకు కూడా.
అందరి భుజానా అదే తుపాకీ.
మడమ దగ్గర అదే ఊడిన పెచ్చు.

ఇంటికొచ్చి పటం దించాను.
తుప్పు మేకులు లాగి అట్ట తీస్తే
దాని వెనక ఇంకో ఫొటో, అరచేతిలో పట్టేంత.
వెదురు పొదల పక్కన బురద.
బురదలో స్ట్రెచర్.
దాని మీద మొహానికి కట్టు కట్టిన మనిషి,
పెదాలు మాత్రం బయటికి.
తోలుతిత్తి మెడకి వేలాడుతుంటే
వంగి ఉన్నాడు తాత.
తిత్తి మూతి దగ్గర వేలు అడ్డం పెట్టి
ధార సన్నం చేస్తున్నాడు.
ఫొటో వెనక పెన్సిలుతో ఉర్దూ.
మేడ మీద అద్దెకుండే మాస్టారు చదివిపెట్టారు:
"ఎల్లాజీకి. నా మొహం నేను కూడా చూసుకోని రోజు."
సంతకం చెరిగిపోయింది.

మామ్మకి ఎలా చెప్పాలా అని రెండు రోజులు ఆగాను.
ఎనభై మూడేళ్లు. గుండె మనిషి.
చివరికి మంచం మీద రెండు ఫొటోలూ పరిచి
ఆ తుపాకీ చెక్కదే మామ్మా అన్నాను.

"నాకు తెల్దేటే!
ఆడు తల దువ్వుకుంతంటే
నానే పట్టుకున్నాను దాన్ని. ఏడేళ్ల గుంటని.
బెండులాగుంది. బరువే లేదు."

మరి విమానాలు?

మామ్మ చిన్న ఫొటోని కంటికి దగ్గరగా తీసుకుంది.
చాలాసేపు తిప్పి తిప్పి చూసింది.
"నీళ్లు మోసీవోడికి
ఎవులు పటం కడతారే?" అంది.
తరవాత, ఇంకెవరితోనో అన్నట్టు,
"వేలు సూడు, ఎలాగెట్టాడో."

తెల్లారుజామున నాలుగున్నరకి కుళాయి వచ్చింది.
రెండు బిందెలు నిండాయి.
ఒకటి చంకనెత్తుకుని మెట్ల మధ్యలో ఆగాను,
ఎప్పుడూ ఆగని చోట.