నారింజరంగు తోక

టార్టూలో ఫిబ్రవరి.
ఎమాయోగి నది ఎవరి అనుమతీ అడక్కుండా
రాత్రికి రాత్రే గడ్డకట్టింది.
కిటికీ అద్దం మీద కూడా, ఊరికే,
ఈకలు ఈకలుగా మంచు స్ఫటికాలు.

నాకు కావలసింది ఒక్కటి,
ఆవగింజలో నూరోవంతు.
తొమ్మిదేళ్లుగా
తొంభై ఆరు గుంటల పలకల్లో
చుక్క పక్కన చుక్క పెట్టాను,
ఉప్పు కాస్త ఎక్కువ, పులుపు కాస్త తక్కువ.
నా ప్రొటీన్ మొండికేసింది.
బురదలా దిగింది, పొగలా విరిగింది,
స్ఫటికంగా మాత్రం ముఖం చూపలేదు.

ఒకసారి మెరిసింది.
రాత్రి పదకొండుకి హెల్వేకి ఫోన్ చేశాను.
నైట్‌గౌను మీద కోటు తగిలించుకుని పరుగెత్తుకొచ్చి
సూదితో గుచ్చింది. పటుక్కుమంది.
"ఉప్పు," అంది.
ఇద్దరం నవ్వాం. తర్వాత ఆమె చాలాసేపు
కళ్లద్దాలు తుడుచుకుంటూ కూర్చుంది.

ఈలోగా ప్రపంచం ఆగలేదు.
పది సెకన్లకొక పరిశోధనా పత్రం పుడుతోందట,
షెన్‌జెన్‌లో, సావో పాలోలో, ఇబాదాన్‌లో.
నేను కాఫీ కప్పు కడిగేలోగా తొమ్మిది.
మాది ఒక్కటీ లేదు.
ఏటా నివేదికలో 'ఫలితాలు' అన్న గడిలో
హెల్వే "కొనసాగుతోంది" అని రాసేది.
మేము క్రమం తప్పక వెలువరించిన మాట
అదొక్కటే.

నిన్న కొత్త కుర్రాడు ఇంద్రెక్
అమైనో ఆమ్లాల వరుసను కంప్యూటర్లో అతికించి
శాండ్‌విచ్ తినడానికి వెళ్లాడు.
తిరిగొచ్చేసరికి తెరమీద
నా ప్రొటీన్.
మడత మడతా, మెలిక మెలికా,
నీలంగా, నిబ్బరంగా,
ఇన్నేళ్లూ మా చుక్కల్లో అలాగే కూర్చున్నట్టు,
పిలవడమే మాకు చేతకానట్టు.

హెల్వే ఏమీ అనలేదు.
కుర్చీ లాక్కుని
తిప్పి తిప్పి చూసింది,
ఉత్తరాల్లోనే తెలిసిన మనిషిని
స్టేషన్లో మొదటిసారి చూస్తున్నట్టు.

కింద, ఒక మూల, ఒక తోక.
నారింజరంగు. గాల్లో వదిలేసిన నూలుపోగు.
"ఇదేంటి?"
"దానికి తెలీదు," అన్నాడు ఇంద్రెక్ నోరు తుడుచుకుంటూ,
"నమ్మకం లేనిచోట ఆ రంగు వేస్తుంది."

తెలీదు.
ఎన్నాళ్లయిందో ఆ మాట విని
నా వేళ్లకి దురద పుట్టి.

బయట నది ఒడ్డున ఎవరో పిల్ల
స్కేట్ల తాళ్లు బిగించుకుంటోంది.
నేను ఫ్రీజర్ తలుపు తీశాను,
మైనస్ ఎనభై ముఖాన కొట్టింది.
కొత్త పలక.
మొదటి గుంట.
ఉప్పు, కాస్త తక్కువ.