మేత గది

పన్నెండు తెరల మీద పన్నెండు వలపంజరాలు.
ఫ్రోయా దీవిలో ఇంకా తెల్లవారకముందే
కుర్చీలో కూర్చుని, వేలితో మీట జరిపి
పదిలక్షల సాల్మన్ చేపలకు అన్నం పెడతాను.
ఒక్కదాన్నీ ముట్టుకోను.

నిజానికి నా పని పెట్టడం కాదు, ఆపడం.
గింజలు ఎవరికీ పట్టనట్టు కిందికి జారుతున్నాయంటే
కడుపులు నిండాయని.
ఆ జారుడు కనిపెట్టడంలో
నన్ను మించినవాళ్లు లేరంటాడు ఓడ్‌వర్.

ఇంట్లో ఆ కన్ను పనిచెయ్యదు.
ఉడికిన దుంపలు చల్లారుతుంటాయి,
నేను ఫోన్‌లో ఆక్సిజన్ అంకె చూస్తుంటాను.
ఎదురుగా సున్నివా
ఏదో చెబుతూ చెబుతూ
ఎప్పుడు ఆగిపోయిందో తెలీదు.

మంగళవారం తుఫానుకు కేబుల్ తెగింది.
తెరలన్నీ నల్లబడ్డాయి.
పాత పడవ, పార, ఎముకలు కొరికే చలి.
మేత చేత్తో విసిరాం.
నీళ్లు తెర్లినట్టు లేచాయి చేపలు,
మొహమంతా తడిసింది.
ఎన్నేళ్లైందో వాటి చప్పుడు విని!

రాత్రి ఇల్లంతా చేపనూనె కంపు.
సున్నివా ముక్కు మూసుకుని నవ్వింది.
ఫోన్ కోటు జేబులోనే ఉండిపోయింది,
మరిచానో, మరిచినట్టు నటించానో.
"ఇంకో దుంప?"
"చాలమ్మా."
కంచం అంచున ఒక్క ముక్క మిగిలింది.
దాన్నే చాలాసేపు చూశాను.

రేపు కేబుల్ అతుకుతారట.