రెండు వేళ్ళ సందు

రిచీ వీధిలో ఇలియాస్ కొట్టు
నేను రిపేరు చేసే లిఫ్టంత వెడల్పు కూడా లేదు.
గాజుపెట్టె మీద మూడు పట్టీలు పరిచాడు.
ఒకటి కుక్క ఎక్కడుందో చెబుతుంది.
ఒకటి కుక్కకి ఎలా ఉండాలో చెబుతుంది.
మూడోది రెండూ చేస్తుంది,
దాని మీదైతే వెయ్యి రూపాయలు తగ్గిస్తానన్నాడు.

ఎక్కడుందో తెలిస్తే చాలు నాకు.
పోయిన నెల రెండు రాత్రులు కనబడలేదు మా చురక.
పళ్ళికరణై తుంగలో, మోకాళ్ళ బురదలో,
టార్చి పట్టుకుని పేరు పెట్టి అరిచాను.
కప్పలు పలికాయి. చెత్తగుట్ట మీద వీధికుక్కలు పలికాయి.
మూడోనాటి పొద్దున తనే వచ్చి
గేటుకి ఆనుకుని పడుకుంది,
చెవి చిరిగి, ఒళ్ళంతా పల్లేరుకాయలు,
మొహంలో మాత్రం పెళ్ళికి వెళ్ళొచ్చిన కళ.

చిప్పిపారై జాతి. కోవిల్‌పట్టి పక్కనుంచి
మా తిరువేంగడం చిన్నాన్న బస్సులో ఒళ్ళో పెట్టుకు తెచ్చాడు.
"దీని అమ్మమ్మ కుందేలుని మలుపులోనే అందుకునేదిరా"
అని గొంతు తగ్గించి చెప్పాడు,
ఇప్పుడది నేరం కాబట్టి.
కుందేలు లేని ఊళ్ళో ఇది
తిండి తెచ్చే కుర్రాళ్ళ బళ్ళని తరుముతుంది.
ఎగిరే క్యారీబ్యాగుని గాల్లోనే పట్టి
నా కాళ్ళ దగ్గర పెట్టి
ఇప్పుడేం చేద్దాం అన్నట్టు చూస్తుంది.

"అందుకే సార్ ఇది" అన్నాడు ఇలియాస్.
పసుపు మీట నొక్కితే కూత. నీలం నొక్కితే వణుకు.
ఎరుపుకి ఒకటి నుంచి పదహారు దాకా మెట్లున్నాయి.
లిఫ్టువాణ్ణి, పదహారంటే ఎంతెత్తో నాకు తెలుసు.
ముంజేయి చాపి, నాలుగన్నాను.

తేలు కాదు. చీమ కాదు.
కరెంటు నాకు పాత చుట్టమే, అయినా
ఇదెవరో దూరం నుంచి
నీ చెయ్యి నీది కాదన్నట్టుంది.
ఇలియాస్ నవ్వాడు: "కుక్కకి బొచ్చుంటుంది సార్."
దీనికి బొచ్చెక్కడిది,
ఎముకల మీద పరిచిన పట్టుగుడ్డ.

ఐనా మూడోదే కొన్నాను.
వెయ్యి రూపాయలు వెయ్యి రూపాయలే.
పైగా, దాచడమెందుకు,
ఆ ఎర్ర మీట నాకు కావాలనిపించింది.
రెండు రాత్రుల భయానికి
ఎవరో ఒకరు బాకీ తీర్చాలి కదా.

పట్టీ దాని మెడకి పెద్దది, చివరి బెజ్జం కూడా వదులే.
వేళచ్చేరి స్టేషను మెట్ల కింద పచ్చయప్పన్
ఆరె చేతిలోకి తీసుకుని, పట్టీ తిరగేసి,
లోపలున్న రెండు ఇనప పళ్ళని బొటనవేలితో తడిమాడు.
ఏమీ అనలేదు.
పెట్టెలోని కాగితంలో రాసుంది:
ఒక్క వేలు దూరితే చాలు, పళ్ళు చర్మానికి తగలాలి.
ఆయన చురక మెడకీ పట్టీకీ మధ్య
రెండు వేళ్ళు దూర్చి, అక్కడ గుర్తు పెట్టాడు.
"ఒక వేలు" అన్నాను.
"ఊపిరి పీల్చేది నువ్వా, అదా?" అన్నాడు తమిళంలో,
అంటూనే బెజ్జం కొట్టేశాడు. పది రూపాయలు.

ఆ సందులో పళ్ళు దేన్నీ కరవవు.
నాకెలా తెలుసంటారా,
పిలిస్తే రాని ఒక సాయంత్రం
గట్టు మీద నిలబడి నొక్కాను, నాలుగు కాదు, తొమ్మిది.
అది తోకైనా తిప్పలేదు.
నాకే ముంజేయి చురుక్కుమంది.

ఇప్పుడు ఫోన్లో నీలపు చుక్క
దారి లేదని పటం చెప్పే చోట
నీళ్ళ మధ్యలోంచి పోతోంది,
ఆగింది, మళ్ళీ పోతోంది.
ఏం తరుముతోందో పటానికి తెలీదు.
"పిలవనా నాన్నా?" అంటుంది యాళిని.
కాసేపు ఉండమంటాను.
ఛార్జింగు పదకొండు శాతం.
ఈలకని మడిచిన రెండు వేళ్ళు
పెదాల దాకా వచ్చి ఆగున్నాయి.