ఆరో కుర్చీ

చిట్టీ పైసలు చేతికొచ్చిన వారం
గద్వాల పాత బస్టాండు కాడ
టేబులూ ఆరు కుర్చీలూ కొన్నం.
బేరమాడింది నేనే.
"ఆటోల ఏసి పంపుత, ఏ ఊరక్కా?" అనె దుకాణపాయన.
ఊరి పేరు చెప్పినంక
పెన్నుకు మూత పెట్టిండు.

పుట్టి గుండ్రం.
టేబులుకు నాలుగు మూలలు.
సవారన్న తెడ్డు ఇసుకల గుచ్చి
శానసేపు చూసిండు.
"ఎడ్లను దాటిచ్చిన,
నొప్పులతోటున్న మనిషిని అర్ధరాత్రి దాటిచ్చిన,
కుర్చీని కూసుండబెట్టుడే
నాకు ఎవ్వరూ నేర్పలే."

టేబులు ఎల్లెలకల పడుకుంది
కాళ్లు నాలుగూ మొగులుకు పెట్టి.
దాని మీద కుర్చీలు,
కుర్చీలను పట్టుకొని నా మొగడు,
మొగణ్ణి పట్టుకొని నేను.
నడి ఏట్ల, సుడి మళ్లే కాడ
ఒక కుర్చీ తాడు ఇప్పుకొని
మమ్మల్నడగకుంటనే దిగిపోయింది.
ప్లాస్టిక్ కవరుతోటి కొంచెం దూరం
ఉబ్బుకుంట, మెరుసుకుంట పోయి
మునిగింది.
గట్టు మీద అత్త ఎంచుకుంది.
"అయిదేనా?" అంది.
"ఏరు ఊకెనే దాటనిస్తదా" అని
మళ్ల తనే అంది.

మాఘంల జరిగిన ముచ్చట ఇది.

ఆ టేబులు మీద మేం ఎన్నడూ తినలే.
ఉల్లిగడ్డలు ఆరినయి, సల్ల మిరపకాయలు ఆరినయి,
మందుల సీసాలు, కరెంటు బిల్లు, దువ్వెన.
ఎండలు ముదిరినంక
అత్త దాని కింద పండుడు మొదలుపెట్టింది,
శాబాదు బండ సల్లగ తగులుతదని.
"ఇల్లు లోపట ఇంకో ఇల్లు కొన్నరు" అంటది
అండ్ల నుంచే.

వైశాఖంల రాయిచూరు కెల్లి ఆడబిడ్డ ఉరుకుందమ్మ వచ్చింది,
మొగడు, ముగ్గురు పిల్లలు,
వాళ్ల పక్కింటి బ్యాంకు సారు, ఆయన భార్య.
దీవి చూస్తరంట.
చూసేదానికేముంది, చుట్టూ రాళ్లు,
రాళ్ల నడుమ జూరాల ఇడిసిన కాడికి నీళ్లు,
మా ముప్పై ఇండ్లు, వాటి కోళ్లు.
కుర్చీలు అయిదు.
సారు కూసుండె, సారు భార్య కూసుండె,
ఆడబిడ్డ, ఆమె మొగడు.
అయిదోది నా మొగని దిక్కు జరిపిన్రు.
"ఇప్పటిదాంక కూసొనే ఉంటి" అని
పొద్దుగాల్నుంచి నిలబడ్డ మనిషి
గోడకు ఆనుకున్నడు.
అది అట్లనే ఖాళీగ ఉంది,
అందరం దాన్ని చూసుకుంట మాట్లాడినం.

మాపటీలి పిల్లలు ఉరుక్కుంట వచ్చిన్రు,
చెడ్డీలు పిండుకుంట, సగం కన్నడం, సగం ఆయాసం.
"అత్తా, ఏట్ల కుర్చీ! కుర్చీ మీద పిట్ట!"

పోయి చూద్దుం గదా,
నీళ్లు గుంజిన మడుగుల, రెండు బండల సందున
ఎవరో ఏసినట్టే నిలబడి ఉంది.
వార్నీషు పోయింది.
వట్టి కట్టె రంగు, ఎండిన పాచి చారలు.
దాని మీద నీటికాకి
రెక్కలు రెండూ ఇప్పి ఆరబెట్టుకుంట,
ఇంటాయన లెక్క.

సారు ఫోటోలు తీసిండు.
సవారన్న తాడు తెస్తనన్నడు.
కాలు కదిలిందా, మేకు కొడితే పనికొస్తదా,
మొగోళ్లు ఇంకా నీళ్ల ఒడ్డునే ఉన్నరు,
అత్త చీర మోకాళ్లకు ఎత్తి
నడిసి పోయింది.
పిట్ట లేసింది.
అత్త కూసుంది.

ఇంట్ల అయిదు కుర్చీల్లో
ఒక్కదాని మీద ఎన్నడూ కూసోని మనిషి
కాళ్ల సందుల నుంచి ఏరు పారుకుంట పోతుంటే
వీపు ఆనించి, చేతులు చేతుల మీద పెట్టి
ఎగువకు చూసుకుంట కూసుంది.
"ఈడికి గాలొస్తుంది" అంది.
మాకా, ఎవరికో తెల్వదు.

సుట్టాలు మూడో నాడు పోయిన్రు,
రెండు బస్తాల ఉల్లిగడ్డ తీసుకొని.

ఇగ మృగశిర.
ఎగువల గేట్లు లేపుతరని సైరను మోగంగనే
నా మొగడు తాడు పట్టుకొని ఉరికిండు.
అత్త టేబులు కింది నుంచి తల బయటికి పెట్టి
"ఉండనీయ్ రా, కూసున్నోళ్లను లేపద్దు" అంది.
వాడు కడపల నిలబడ్డడు,
తాడు చేతుల్నే ఉంది.
నీళ్ల సప్పుడు అప్పటికే దగ్గరికొచ్చింది.