దోసకాయ వాసన

మా నాన్న హిసామిత్సుని ఊళ్ళో
సైరన్ అనే పిలిచేవాళ్ళు.
ముప్పై ఒక్క ఏళ్ళు
నగుసె నది ఆనకట్ట నెత్తిన ఆకుపచ్చ గదిలో కూర్చుని
పొద్దున్నే అయిదింటికి కూత వేయించి
ఎనిమిది గేట్లలో ఏది ఎన్ని జానలు లేవాలో
పెన్సిలుతో రాసుకునేవాడు.
నీళ్ళకి హాజరు వేసిన మనిషి.

నాకు అది సరస్సు.
ఎనిమిది తెడ్లు ఒక్కసారి మునిగి
ఒక్కసారి లేచే చప్పుడు
నా పదిహేనో ఏడు.
బడి పడవల పోటీలో మూడో స్థానానికిచ్చిన గుడ్డ జెండా
ఇంకా నా పెట్టెలో ఉంది.
ఆగస్టులో ఆ నీళ్ళు పచ్చగా చిక్కబడి
మురిగిన చిక్కుడు తొక్కల కంపు కొడితే
నీళ్ళంటే అంతే కాబోలు అనుకున్నాను.

అవతలి ఒడ్డు ఫుసె అవ్వ
నా తెడ్డు వాసన చూసి మొహం తిప్పుకునేది.
"నది నదిలాగుంటే దోసకాయ వాసనే, పిల్లా.
అయు చేపలు కింద నుంచి ఎదురీది వచ్చి
రాళ్ళ మీది నాచు గీరుకు తింటుంటే
ఊరంతా అప్పుడే తరిగినట్టుండేది."
ముసలిదానికి మతి చెడిందని నవ్వుకున్నాం.

కూల్చమని సంతకాలు అడగొచ్చినప్పుడు
నాన్న కాగితం తిరగేసి చూశాడు,
వెనకవైపు ఇంకేమన్నా రాసుందేమో అన్నట్టు.
నేను పెట్టలేదు సంతకం.
ఇప్పుడు దాచి లాభమేముంది.

ఆరు చలికాలాలు పట్టింది.
మొదటి గండి కొట్టిన రోజు
నీళ్ళు విరుచుకుపడతాయని జనం గుట్టెక్కి నిలబడ్డారు.
సన్నగా, పరాయింటికి వచ్చినట్టు,
మట్టిరంగు పాయ ఒకటి బయటికి తొంగిచూసింది.
కెమెరాలవాళ్ళు ఉసూరుమన్నారు.

సరస్సు పోయింది.
బురద ఎండి పెంకులుగా లేచిపోయాక
తేయాకు మడుల రాతిగట్లు బయటపడ్డాయి,
పాత రేవు మెట్లు పదకొండు,
ఒక సైకిలు,
నేను పోగొట్టుకున్న తెడ్డు.
మా పడవల పాకకి నీళ్ళు రెండొందల అడుగుల దూరం.
లోపల పొడుగాటి పడవలు
తలకిందులుగా, గబ్బిలాల్లాగా.

నలభై రెండో ఏట మళ్ళీ నేర్చుకున్నాను నదిని.
కొండల మీది మంచు ఏప్రిల్లో దిగొస్తుంది,
చేతులు కొయ్యబారే చల్లదనం.
సరస్సు నేర్పినదాన్నంతా ఒక్క సుడి తుడిచేసింది.
ఇప్పుడు ఒసాకా ఆఫీసు జనాన్ని గాలి తెప్పలెక్కించి
రాళ్ళ మధ్య కేకలు పెట్టించడం నా బతుకుతెరువు.
ఆనకట్ట ఏదీ అని అడుగుతారు.
గుర్తుకని వదిలేసిన స్తంభం చూపిస్తాను.
దాని మీద నీటికాకి రెక్కలారబెట్టుకుంటూ
కింద చేపల్ని లెక్కపెడుతూ ఉంటుంది.

అంతా సుఖాంతం అని చెప్పను.
కిందటేడు వరద కాలిబాట వంతెనని ఎత్తుకుపోయింది.
ఆనకట్ట ఉండుంటే, అని సగం ఊరు.
ఉండుంటే ఊరే పోయేది, అని సగం.
పైన కొండల్లో ఇంకోటుంది.
దాని పేరెత్తితే సభలో టీ చల్లారిపోతుంది.

నాన్న ఇప్పటికీ అయిదింటికే లేస్తాడు.
కూత వేసే పనిలేక చెప్పులేసుకుని నదికి పోతాడు.
మొన్న జూన్‌లో తువ్వాల్లో చుట్టి
ఒక రాయి తెచ్చాడు.
వంటింటి బల్ల మీద పెట్టి
"చూడు" అన్నాడు.
నాచు మీద అయు పళ్ళ గీతలు,
ఆకుల్లాగా, పక్కపక్కనే.
వంగి వాసన చూశాను.

దోసకాయే.
పొద్దున నాన్న దోసకాయ కోశాడో ఏమో,
అడగలేదు.
ఫుసె అవ్వ పోయి నాలుగేళ్ళు.

తడి ఉన్నంతసేపూ బల్ల మీదే ఉంచాం.
ఆరిపోయాక అది ఉత్త రాయి.
సాయంత్రం నాన్న పట్టుకెళ్ళి
తీసిన చోటే పెట్టొచ్చాడు.