నీలి పెన్సిల్

గ్రిమ్స్‌బీ రేవు వెనక సందులో
పత్రికాఫీసు, రెండో అంతస్తు.
కిటికీ తెరిస్తే కాడ్ చేపల వాసన,
మూస్తే సిరా వాసన.
ముక్కు చివరికి జారిన కళ్ళద్దాలతో
మ్యూరియల్ డౌస్, ఆమె నీలి పెన్సిల్.

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు.
నా మొదటి వార్త, పగిలిన నీటి గొట్టం.
వీధి మీదికి నీళ్ళు స్ప్యూ చేసిందని రాశాను.
ఆమె ఆ మాటని
పిల్లికూనని మెడ పట్టి ఎత్తినట్టు ఎత్తి చూపించింది.
"స్ప్యూ అంటే కక్కడం, అబ్బాయ్.
కక్కడానికి కడుపుండాలి,
ఆ కడుపుకి పడనిదేదో ఉండాలి.
గొట్టానికి మంచినీళ్ళంటే ఏం రోత?
గష్ అను.
అందులో కోపం లేదు, తొందరే."

ఆ చలికాలమంతా అదే బడి.
నెత్తురు స్పర్ట్ అవుతుంది,
గుండె తన్నినప్పుడల్లా ఒక్కో చిమ్ము.
"ఆగి ఆగి రాకపోతే ఆ మాట వాడకు.
మనిషింకా బతికే ఉన్నాడని
చెప్పేది ఆ మాటే."
చేపనూనె ఫ్యాక్టరీ పొగగొట్టం బెల్చ్ చేస్తుంది,
విందు తిన్నవాడి త్రేన్పు అది,
సిగ్గూ లేదు, క్షమించమనడమూ లేదు.
తిమింగలం స్పౌట్ చేస్తుంది,
కెటిల్‌కి ఉన్నదీ స్పౌటే,
కౌన్సిలర్ బ్రాకిల్స్‌బీ సభల్లో చేసేదీ అదే.
"తిమింగలానికైతే ఊపిరి, కెటిల్‌కైతే టీ.
ఆయనకి ఉన్నది మూతొక్కటే."

ఓ పెళ్ళి వార్తలో
వధువు పినతల్లి గష్ చేసిందని రాస్తే కొట్టేసింది.
మంచినీళ్ళకి మీరిచ్చిన మాటే కదా అన్నాను.
"నీళ్ళకి ముద్దుగానే ఉంటుంది.
మనిషి నోట్లో పడిందా,
పొగడ్తకి విరేచనాలు పట్టినట్టు."

ఒక మధ్యాహ్నం నా చేత పలికించింది,
స్పిట్, స్ప్యూ, స్పౌట్, స్పర్ట్.
ముందు పళ్ళ మధ్య సన్నని బుస,
వెంటనే మూసుకునే పెదాలు,
ఆ పైన గండి.
"చూశావా, ప్రతి మాటా
ముందు కట్ట కడుతుంది, తర్వాత తెంచుకుంటుంది."
పక్క బల్ల మీది ఆటల విలేకరి
తుంపర్లు తుడుచుకుంటూ లేచి వెళ్ళాడు.

ఫిబ్రవరిలో ఒక ట్రాలర్ తిరిగి రాలేదు.
రేవు గేటు దగ్గర నిలబడ్డ ఆడవాళ్ళ గురించి
రాత్రి పదకొండింటికి కాగితం ఇచ్చాను.
దుఃఖం ఇరప్ట్ అయిందని రాశాను,
అగ్నిపర్వతం మాట అని తెలిసే, కావాలనే.
పెన్సిల్ ఆ మాట మీదే ఆగింది.
కొట్టెయ్యలేదు.

"క్లిఫ్‌కి పదిహేడేళ్ళు," అంది, కాగితంతో అన్నట్టు.
పందొమ్మిదేళ్ళుగా ఆ ఆఫీసులో ఎవరూ వినని పేరు.
తమ్ముడు. ఐస్‌లాండ్‌కి ఉత్తరాన.
తాళ్ళ మీద మంచు తొడ కంత మందాన పేరుకుంటే
గొడ్డళ్ళతో నరికారట, రెండు రాత్రులు.
రేడియోలో చివరిసారి కెప్టెన్ గొంతు
వాతావరణం గురించే, మామూలుగానే.
క్లిఫ్‌కి తను బాకీ ఉన్న నాలుగు షిల్లింగులు.
వాడి కోసం సగం అల్లిన మేజోడు,
రెండోది మొదలుపెట్టలేదట.
ఉప్పు తగిలి పగిలిన వాడి వేళ్ళకి
ఏ కొవ్వు రాసేదో,
ఆ డబ్బా మీద ఏ బొమ్మ ఉండేదో.

గొంతు పెరగలేదు. తగ్గలేదు.
కళ్ళు తుడుచుకోవలసిన పని పడలేదు.
కింద అచ్చు యంత్రం మొదలైంది,
బల్ల వణికింది, ఆమె ఆపలేదు.
నలభై నిమిషాలు.

ఇంటికెళ్ళి నోటు పుస్తకం తీశాను.
గష్ అని రాసి కొట్టేశాను.
ఆమె నేర్పిన ఒక్కో మాటా పెట్టి చూశాను,
ఒక్కో మాటా ఆమె ముందు
బూట్లు విప్పని అతిథిలా నిలబడింది.
తెల్లారేసరికి ఆ పేజీ అంతా గీతలే.

మర్నాడు తొమ్మిదింటికి ఆమె కుర్చీలోనే ఉంది.
ఎవరో రాశారు, కాడ్ ధర సర్జ్ అయిందని.
ఆమె కళ్ళద్దాలు పైకి తోసుకుని
ఆ మాట కొట్టేసి
పెరిగింది అని రాసింది.